అనౌన్సరు గారి కొత్త ముక్కు

మా బస్టాండులో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చునేది నేనే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. ఉండదూ మరి! తలమీద ఇంతేసి అక్షరాలతో ప్లాట్‌ఫాం నంబరు రాసి ఉంటే, దాని కిందే నిలబడి "ఇది ఎన్నో ప్లాట్‌ఫామండీ?" అని అడిగే జనంతో పొద్దస్తమానం మాట్లాడి చూడండి. అప్పుడు తెలుస్తుంది మీ కోపం ఎక్కడుంటుందో.

అయినా ఇప్పుడు చెప్పబోయేది నా ముక్కు సంగతి కాదు, మా ఆయన ముక్కు సంగతి.

మా ఆయన ఆ బస్టాండులోనే అనౌన్సరు. నా కిటికీకి సరిగ్గా పైన, ఇనుప మెట్లెక్కితే వచ్చే చిన్న గదిలో మైకు ముందు కూర్చుంటారు. కిందంతా రేకుల కప్పు. ఆ కప్పు కింద ఇంజన్ల రొద, హారన్లు, కండక్టర్ల కేకలు, పిల్లల ఏడుపులు. అంత గోలలోనూ "ప్రయాణికులకు మనవి!" అని ఆయన మొదలుపెడితే మాట సూటిగా చెవిలోకి దిగేది. సగం నోట్లోంచి, సగం ముక్కులోంచి వచ్చే గొంతు అది. తియ్యగా ఉండేదని నేను అబద్ధం చెప్పను. కొంచెం గీసుకునేది కూడా. కానీ ఒక్క అక్షరం జారిపోయేది కాదు. బెంచీ మీద గుర్రుపెట్టి నిద్రపోయేవాడు కూడా తన బస్సు పేరు వినగానే ఉలిక్కిపడి లేచి, సంచీ పట్టుకుని పరిగెత్తేవాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఆ గొంతు వినడమే గాని మనిషిని చూడలేదు. విని విని మనసు పారేసుకున్నాను, దాచడమెందుకు. తీరా ఒకరోజు ఆయన టీ కోసం మెట్లు దిగారు. ముందు ముక్కు వచ్చింది, ఆ వెనక ఆయన వచ్చారు. పొడుగ్గా బయల్దేరి, మధ్యలో గూను తేలి, చివరికొచ్చేసరికి ఎడమకి తిరిగిపోయిన ముక్కు. "టీ ఉందా, అయిపోయిందా అండీ?" అన్నారు. అంతే, ముక్కు సంగతి మరిచిపోయాను. పెళ్ళయ్యాక తెలిసింది, ఆ ముక్కు మా అత్తగారిదని. అచ్చు గుద్దినట్టు అదే గూను, అదే వంకర, అదే గొంతు. ఆవిడ వంటింట్లోంచి "అమ్మాయ్!" అని పిలిస్తే వీధి చివర వాళ్ళమ్మాయి కూడా పలికేది.

మా ఆయనకి ఒక పాడు సరదా ఉంది. ఎక్కడికి వెళ్ళినా తనేం పని చేస్తారో చచ్చినా చెప్పరు. కొట్టుకి వెళ్ళి "ఒక సబ్బు ఇవ్వండి" అని, కనుబొమ్మలు పైకెత్తి నిలబడతారు. కొట్టువాడు "మీ గొంతు ఎక్కడో విన్నట్టుందే" అనాలి. తర్వాత "అయ్యో, మైకాయన కదూ మీరు!" అనాలి. అప్పుడు గాని సబ్బు అందుకోరు. ఒకవేళ వాడు గుర్తుపట్టకపోతే ఇంకో మాట అంటారు, ఇంకాస్త గట్టిగా. చూసి చూసి విసుగొచ్చి "మా ఆయన అనౌన్సరండీ" అని నేను అనబోతే కాలు తొక్కుతారు. నా కుడి కాలి చిటికెన వేలు ఆ సరదాకే బలైపోయింది.

ఇలా రోజులు గడుస్తుండగా కొత్త మేనేజరు దిగాడు. కొత్తగా వచ్చినవాడు ఏదో ఒకటి చెయ్యకుండా ఊరుకుంటే పరువేం కావాలి? మరుగుదొడ్లకి గడియలు పెట్టించవచ్చు. తిరగని ఫ్యాన్లు తిప్పించవచ్చు. అబ్బే, అవన్నీ చిన్నమనుషులు చేసే పనులు. ఈ మహానుభావుడు ప్రతి ప్లాట్‌ఫాం మీదా ఒక టీవీ పెట్టించి, అందులో అనౌన్సరు మొహం కనబడాలన్నాడు. "గొంతొక్కటే వినబడితే ప్రయాణికులకి నమ్మకం కుదరదమ్మా, మనిషి కూడా కనబడాలి" అని నాకు వివరించాడు. ఇన్నేళ్ళూ జనం నమ్మకం లేకుండానే బస్సులెక్కారు కాబోలు.

ఆ కెమెరా పెట్టినవాడు ఎవడోగాని, దాన్ని తీసుకెళ్ళి మైకు కిందే బిగించాడు. దాంతో టీవీలో మా ఆయన మొహం ఒక మూలకి పోయి, ముక్కే మిగిలింది. మొదటి రోజు జనమంతా తలలెత్తి కళ్ళప్పగించి చూశారు. కాలేజీ పిల్లలు నలుగురు నా కిటికీ ముందే కడుపు పట్టుకుని నవ్వారు. "ఒరేయ్, చిలక మాట్లాడుతోందిరా!" అన్నాడు ఒకడు. ఆ మాట ఇనుప మెట్లెక్కి పైకి వెళ్ళింది. వారం తిరక్కుండా ఎవరు వచ్చినా "చిలక ఏమందండీ ఇప్పుడు?" అనడమే. నా ఒళ్ళు మండిపోయేది. తప్పుడు ప్లాట్‌ఫాం చెప్పి పంపించేద్దామా అన్నంత కోపం వచ్చేది. పంపించలేదనుకోండి.

ఆయన మాత్రం ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చునేవారు. ముక్కు కొసని వేలితో కుడివైపుకి నెట్టి చూసుకునేవారు. తిండి తగ్గింది. ఒక ఆదివారం "ఈ ముక్కుతో ఇంక ఆ గదిలో కూర్చోలేనే" అన్నారు. అంత గొంతున్న మనిషి ఆ మాట గొణుక్కుంటుంటే చూడలేకపోయాను. సరే, పదండి అన్నాను.

ముక్కుల డాక్టరు గారి హాలు అద్దంలా మెరిసిపోతోంది. గోడ పొడుగునా ముక్కుల బొమ్మలు. చిలక ముక్కు, చట్టి ముక్కు, ఉల్లిపాయ ముక్కు, గూని ముక్కు, వంకర ముక్కు. ప్రతి బొమ్మ పక్కనా ఆపరేషన్ అయ్యాక ఎలా ఉంటుందో ఇంకో బొమ్మ. నేను ఒక్కొక్కటీ చూసుకుంటూ చివరిదాకా వెళ్ళాను. ఎడమవైపు ముక్కులన్నీ దేనికదే. కుడివైపు మాత్రం అన్నీ ఒకటే ముక్కు. సన్నగా, తిన్నగా, కొస కాస్త పైకెత్తినట్టు. టోకెన్లు ఇచ్చే అమ్మాయికీ అదే ముక్కు, నర్సుకీ అదే. పొరపాటున అక్కాచెల్లెళ్ళా అని అడిగాను కూడా. ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు. లోపలికెళితే డాక్టరు గారి మొహాన మాత్రం బంగాళదుంపంత ముక్కు నిక్షేపంగా ఉంది. తన సరుకు మీద ఆయనకున్న నమ్మకం అదీ.

డాక్టరు మా ఆయన ముక్కుని అటు తిప్పి, ఇటు తిప్పి, లైటు వేసి లోపలికి చూశాడు.

"గూను చెక్కేద్దాం. కొస తిన్నగా పెడదాం. లోపల గోడ కూడా వంకరపోయింది, దాన్నీ సరిచేద్దాం. హాయిగా గాలి పీల్చుకోవచ్చు. ఇంతకీ ఏం పని చేస్తుంటారు సార్?"

మా ఆయన మొహం వెలిగిపోయింది. "బస్టాండులో... ఉద్యోగం" అని, కనుబొమ్మలెత్తి ఆగారు.

"మంచిది" అన్నాడు డాక్టరు, చేతులు కడుక్కుంటూ.

"ప్రయాణికుల... సేవలో ఉన్నాం!" అన్నారు మా ఆయన, మైకు ముందున్నంత గట్టిగా. నర్సు చేతిలో ట్రే గడగడలాడింది.

"ఓహో, టికెట్లు ఇస్తారా?"

నేను నోరు తెరిచాను. నా కాలి మీద బూటు పడింది.

"ఎందుకడిగానంటే" అన్నాడు డాక్టరు, "లోపల గోడ సరిచేస్తే కొంతమందికి మాట తీరు మారుతుంది. పాటలు పాడేవాళ్ళకీ, మైకు పట్టుకుని బతికేవాళ్ళకీ అయితే ఒకటికి పదిసార్లు ఆలోచించుకోమంటాను. టికెట్లిచ్చే మీకేం ఇబ్బంది లేదు."

"డాక్టరు గారూ, ఈయన..." అన్నాను. ఈసారి మడమతో తొక్కారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "గురక తగ్గుతుందా అని అడుగుతోందండీ" అన్నారాయన నవ్వుతూ.

బయటికొచ్చాక వీధిలోనే కడిగేశాను. "నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా? అనౌన్సరునని ఒక్క ముక్క చెప్పలేరూ?"

"నేనెవరో నేనే చెప్పుకోవాలా? ఊరంతా గుర్తుపడుతుంది, ఆయనకే చెవుడేమో!"

"కారు దిగని మనిషికి బస్టాండు గొంతు ఎలా తెలుస్తుందండీ?"

"నువ్వూరుకో. గొంతు గొంతులో ఉంటుంది గాని ముక్కులో ఎందుకుంటుందే?" అని ముక్కుతోనే అన్నారు.

ఇంట్లో మా అత్తగారు సంగతి విని కుర్చీలో కూలబడ్డారు. "నా ముక్కులో ఏం తప్పుందిరా? దీంతోనే కదా నిన్ను కని పెంచాను. మీ నాన్న కూడా ఒక్కనాడూ ఏమీ అనలేదే!" అన్నారు. ఆవిడ ఆ పూటంతా కొంగుతో ముక్కు కప్పుకుని కూర్చున్నారు. ఆ ఒక్కటి చూసినప్పుడు మాత్రం మా ఆయన్ని నాలుగు దులపాలనిపించింది.

ఆపరేషనయింది. కట్టు విప్పారు. వాపు తగ్గాక చూస్తే, నిజం చెప్పాలి కదా, ముక్కు బాగుంది. గోడ మీద కుడివైపు ముక్కే, తీసుకొచ్చి పెట్టినట్టు. మనిషి పెళ్ళికొడుకులా ఉన్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, "ఎలా ఉందే?" అన్నారు.

ఆ మాట మెత్తగా, గుండ్రంగా, జోలపాడుతున్నట్టు వచ్చింది. మర్యాదస్తుడైన పొరుగింటాయన మాట్లాడినట్టుంది. గదిలో ఇంకెవరైనా ఉన్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను. "ఇంకా వాపుందేమోలెండి" అన్నాను. వాపు లేదని ఇద్దరికీ తెలుసు.

డ్యూటీలో చేరారు. "ప్రయాణికులకు మనవి" అన్నారు. ఒక్క తల లేవలేదు. ఆ తియ్యటి గొంతు రేకుల కింద ఇంజన్ల రొదలో కలిసిపోయి, బెంచీ మీద వాళ్ళని ఇంకా హాయిగా నిద్రపుచ్చింది. బస్సులు ఖాళీగా వెళ్ళిపోయాయి. జనమంతా నా కిటికీ మీద పడ్డారు. నా తలప్రాణం తోకకొచ్చింది. ఆ గుంపులోనే ఒక పెద్దాయన కిటికీలోంచి చెయ్యి పెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు.

"పాత మైకాయన మీ ఆయనేనటగా అమ్మా? పాపం, మంచి గొంతు. ఎలా పోయారు?"

"పోవడమేమిటండీ, పైనే ఉన్నారు!"

"అవునమ్మా, పైనుంచి అన్నీ చూస్తూనే ఉంటారు" అని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు. టీ గ్లాసుతో నా వెనకే నిలబడ్డ మా ఆయన అంతా విన్నారు. టీ తాగలేదు.

మేనేజరు ఆయన్ని తన గదికి పిలిపించాడు. గొంతు వెనక్కి రాకపోతే లగేజీ గదికి మార్చేస్తానన్నాడు. మా ఆయన డాక్టరు దగ్గరికి పరిగెత్తారు. "మైకులో మాట్లాడతారా? అయ్యో, అప్పుడే చెప్పొద్దా సార్!" అన్నాడట ఆ పెద్దమనిషి. "తిన్నగా ఉన్నదాన్ని మళ్ళీ వంకర చెయ్యడం మాకు రాదండీ" అని కూడా అన్నాడట. తిరిగొచ్చాక ఆయన స్నానాలగదిలో తలుపేసుకున్నారు. కాసేపటికి లోపలినుంచి "రేవు వైపు వెళ్ళే బస్సు" అని పాత గొంతు వినబడింది. గరిటె పట్టుకునే పరిగెత్తాను. తలుపు తోసి చూస్తే ఆయన రెండు వేళ్ళతో ముక్కు నొక్కి పట్టుకుని ఉన్నారు. నొప్పికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నాకూ ఆగలేదు.

ఆ ఉపాయం మేనేజరుకి నచ్చలేదు. "టీవీలో మీరు ముక్కు మూసుకుని కనబడితే బస్టాండు కంపు కొడుతోందనుకుంటారు. నిజమే అనుకోండి, కానీ మనం చెప్పకూడదు" అన్నాడు. దానికి బదులు, స్పీకర్లు పరీక్షించినప్పుడు కంప్యూటర్లో దాచిన పాత గొంతు రికార్డింగులు బయటికి తీయించాడు. ఇకనుంచి స్పీకర్లలో రికార్డింగు మోగుతుంది, మొహమంతా కనబడేలా జరిపించిన కెమెరా ముందు మా ఆయన కొత్త ముక్కుతో పెదాలు కదుపుతారు. అంతే ఉద్యోగం.

జనానికి తెగ నచ్చేసింది. "మనిషి ఎంత అందంగా ఉన్నాడో, గొంతు అంత ఖణేల్‌మంటోంది!" అని ఆడవాళ్ళు నా కిటికీ దగ్గరే అనుకునేవారు. చిలక అన్న మాట మళ్ళీ ఎవరి నోటా రాలేదు. కోరుకున్నదంతా దొరికిన మా ఆయన ఇంట్లో నోరు విప్పడం మానేశారు. కొట్టుకెళ్ళినా సబ్బు వేలితో చూపించి తెచ్చుకునేవారు. కనుబొమ్మలెత్తడం కూడా పోయింది. నా చిటికెన వేలికి సుఖమొచ్చింది గాని, నాకది ఏం బాగాలేదు.

అత్తగారు కొడుకు పిలిస్తే పలకరు. "ఎవరో పరాయి మగాడు ఇంట్లో తిరుగుతున్నట్టుంది అమ్మాయ్, నాకు బెరుగ్గా ఉంది" అనేవారు. ఏదో వంక పెట్టుకుని బస్టాండుకి వచ్చి, స్పీకరు కింద బెంచీ మీద కూర్చునేవారు. రికార్డింగు మొదలవగానే "అదుగో, మావాడు" అని తల ఊపుకుంటూ వినేవారు. టీవీ వైపు మాత్రం చూసేవారు కాదు.

మొన్నీమధ్య ఆవిడ రేవులో ఉన్న మా ఆడపడుచు ఇంటికి బయల్దేరారు. "బస్సు రాగానే నేనే ఎక్కిస్తాను, కదలకండి అత్తయ్యా" అని బెంచీ మీద కూర్చోబెట్టాను. సరిగ్గా ఆరోజే మేనేజరు రేవు బస్సుని రెండో ప్లాట్‌ఫాం నుంచి ఐదోదానికి మార్చి, రెండోదాంట్లో కొండల అవతల గనులకి వెళ్ళే బస్సు పెట్టించాడు. బోర్డులు మార్చాడు. రికార్డింగు మార్చడం ఆ బుర్రకి తట్టలేదు. కిటికీ ముందు జనం గుంపు కట్టారు. పైన స్పీకరు మాత్రం మా ఆయన పాత గొంతుతో "రేవు వైపు వెళ్ళే బస్సు రెండో ప్లాట్‌ఫాం మీద సిద్ధంగా ఉంది" అంటూనే ఉంది. నేను వాళ్ళకి సమాధానాలు చెప్పి తలెత్తేసరికి బెంచీ ఖాళీ.

స్పీకరు మాట నమ్మి గనుల బస్సే ఎక్కేసి ఉంటారు. ఆవిడ కళ్ళజోడు సంచీలో ఉంటుంది. కొడుకు చెబుతుంటే ఇక బోర్డు చదవడమెందుకు ఆవిడకి? ఫోను ఇంట్లో బల్ల మీదే మరిచిపోయారు. గనుల బస్సు కదిలిందంటే కొండలు దాటేదాకా ఎక్కడా ఆగదు, తిరిగి రావడం మర్నాడే. మోకాళ్ళ నొప్పుల మనిషి, ముక్కూ మొహం తెలియని చోట ఏమైపోతుంది? పై గదికి కలిపే ఫోను ఎత్తి అరిచాను. "ఏవండీ! అత్తయ్య గనుల బస్సెక్కేశారు! రేవు బస్సు ఐదోదాంట్లో ఉంది!"

ఆయన రికార్డింగు ఆపి మైకు అందుకున్నారు. "అమ్మా! ఆ బస్సు కాదమ్మా, దిగు!" ఆ మెత్తటి గొంతు రేకులదాకా కూడా వెళ్ళలేదు. డ్రైవరు బస్సుని వెనక్కి తీస్తున్నాడు. నేను కిటికీ మూసి, జనాన్ని తోసుకుంటూ పరిగెత్తాను. దారిలో తలెత్తి చూస్తే, ప్లాట్‌ఫాంల మీద ఉన్న టీవీలన్నిట్లోనూ మా ఆయన. అందమైన మనిషి, చెమటలు కక్కుతూ, రెండు వేళ్ళతో ఆ అందమైన ముక్కుని పట్టుకుని గట్టిగా నొక్కేశారు.

"అమ్మా! గనుల బస్సు దిగవే! నీ బస్సు ఐదో ప్లాట్‌ఫాం మీద ఉంది! డ్రైవరూ, బండాపు!"

బెంచీల మీద నిద్రపోయేవాళ్ళు లేచి నిలబడ్డారు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. మా అత్తగారు సంచీ పట్టుకుని మెల్లిగా మెట్లు దిగి, మొదటిసారి టీవీ వైపు తలెత్తి చూశారు. అందులో కొడుకు ముక్కు మూసుకుని, కళ్ళనీళ్ళు కారుస్తూ "దిగావా అమ్మా?" అని అడుగుతున్నాడు. చుట్టూ జనం పగలబడి నవ్వుతున్నారు.

"దిగాన్రా! ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావు?" అని ఆవిడ తన ముక్కుతో అరిచారు. మైకు లేకుండానే ఆ మాట పై గదిలోకి వినబడింది.

టీవీల్లో ఇప్పుడు టూత్‌పేస్టు ప్రకటనలు వస్తున్నాయి. అది తన ఆలోచనేనని మేనేజరు అందరికీ చెప్పుకుంటున్నాడు. కెమెరా ఊడదీశారు. మా ఆయన మళ్ళీ ఎవరికీ కనబడని ఆ గదిలో, బట్టలారేసే తాడుకి పెట్టే క్లిప్పు ఒకటి ముక్కుకి తగిలించుకుని "ప్రయాణికులకు మనవి" అంటున్నారు. కొట్టుకెళ్ళినప్పుడు క్లిప్పు జేబులో వేసుకెళతారు. సబ్బు అడిగేముందు అటూ ఇటూ చూసి పెట్టుకుంటారు. కనుబొమ్మలు లేస్తున్నాయి, నా చిటికెన వేలికి మళ్ళీ కష్టాలొచ్చాయి.

పొద్దున్నుంచి సాయంత్రందాకా ఆ క్లిప్పు ఒకే పక్కకి లాగుతుంది కదా, నిన్న అద్దం ముందు తల దువ్వుకుంటుంటే వెనకనుంచి చూశాను. డాక్టరు తిన్నగా పెట్టిన ఆ కొస కాస్త ఎడమకి తిరిగినట్టుంది. ఆయనకి చెప్పలేదు. వంటింట్లోకి వెళ్ళి అత్తగారికి చెప్పాను.